సీఓటూ మిషన్‌కి సాలిడ్ వైరు: కొనడం దగ్గర్నుంచి సెట్టింగ్ దాకా

సీఓటూ మిషన్ అంటే స్పూల్ నుంచి వైరు తనంతట తాను వస్తూ, గ్యాస్ రక్షణలో కరిగి అతికే వెల్డింగ్ మిషన్. మా షెడ్డులో దాని మీద 0.8 ఎంఎం వైరు తీసేసి మొదటిసారి 1.2 వైరు ఎక్కించిన రోజు బాగా గుర్తుంది. ఒక ట్రాలీ ఛాసిస్ పని వచ్చింది. 6 ఎంఎం ప్లేట్లు, 8 ఎంఎం గస్సెట్లు (మూలల్లో బలానికి వేసే ప్లేటు ముక్కలు). రోలర్ (వైరుని ముందుకి తోసే చక్రం) తిప్పి పెట్టాను, టిప్పు (చేత్తో పట్టుకునే టార్చి కొసన వైరు బయటికొచ్చే ముక్క) మార్చాను, అయిపోయిందనుకున్నాను. ఆర్క్ మొదలవుతుంది, రెండంగుళాలు సాగుతుంది, ఆగుతుంది, మళ్ళీ టప్పుమని అంటుకుంటుంది. రెండు రోజులు ఓల్టేజీ నాబు అటూ ఇటూ తిప్పుతూ మిషన్‌ని తిట్టుకున్నాను. మూడో రోజు టార్చులు రిపేరు చేసే బాబాయ్ ఒకాయన వచ్చాడు. నాబుల వంక కూడా చూడలేదు. "ముందు లైనర్ పీకు అబ్బాయ్" అన్నాడు. పీకితే నీలం రంగు లైనర్ (టార్చి కేబుల్ లోపల వైరు నడిచే గొట్టం), 0.8 వైరుది. అందులోంచే 1.2 వైరు ఒరుసుకుంటూ పోతోంది. కాగితం మీద దులిపితే చెంచాడు రాగి పొడి రాలింది.

సీఓటూ వెల్డింగ్‌లో మిషన్ మీద పడే నిందల్లో ఎక్కువ భాగం నిజానికి వైరుదీ, వైరు నడిచే దారిదీ. రాడ్డు వెల్డింగ్‌లో చేయి బాగుంటే సగం గెలిచినట్టే. ఇక్కడ చేయి ఎంత బాగున్నా వైరు ఒకే వేగంతో రాకపోతే ఏమీ చేయలేం. అందుకే ఈ గైడులో నాబుల దగ్గరికి ఆలస్యంగా వస్తాను.

ఇదంతా మైల్డ్ స్టీలు, అంటే మనం ఎంఎస్ అనుకునే పైపులు, యాంగ్లర్లు, చానళ్ళు, ప్లేట్ల కోసం. స్టెయిన్‌లెస్‌కీ అల్యూమినియంకీ వైరు, గ్యాస్, లైనర్ అన్నీ వేరు. పేరు గురించి ఒక్క మాట: షాపుల్లో సీఓటూ అంటాం, మిషన్ మీద మిగ్ అని ఉంటుంది, సీఓటూ గ్యాస్ వాడితే పుస్తకాల లెక్కన దాన్ని మాగ్ అనాలి. మూడూ ఒకే పనికి పేర్లు.

వైరు డబ్బా మీద ఏం రాసుంది

ఎంఎస్‌కి షాపులో అడగాల్సింది ఈఆర్ 70ఎస్-6. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ వాళ్ళ ఏ5.18 అనే ప్రమాణంలోని పేరు ఇది. ఈఆర్ అంటే ఎలక్ట్రోడ్‌గా గానీ ఫిల్లర్ రాడ్డుగా గానీ వాడొచ్చని. 70 అంటే వెల్డు కనీసం చదరపు అంగుళానికి 70,000 పౌండ్ల లాగుడు తట్టుకోవాలని, మన లెక్కలో దాదాపు 480 మెగాపాస్కల్స్. ఎస్ అంటే సాలిడ్, లోపల ఏమీ నింపని వైరు. చివరి 6 రసాయనం. మన ఐఎస్ 2062 స్టీలులో ఎక్కువగా దొరికే ఇ250 గ్రేడు కనీస బలం 410 మెగాపాస్కల్స్. అంటే సరిగ్గా పడిన వెల్డు ప్లేటు కంటే బలంగానే ఉంటుంది. గేట్లకీ గ్రిల్స్‌కీ ట్రాలీలకీ ఇంతకంటే బలమైన వైరు కోసం వెతకనక్కర్లేదు.

చివరి అంకె గురించి మాత్రం కాస్త తెలుసుకోవాలి. 70ఎస్-6లో సిలికాన్ 0.80 నుంచి 1.15 శాతం, మాంగనీస్ 1.40 నుంచి 1.85 శాతం ఉంటాయి. 70ఎస్-3లో ఈ రెండూ తక్కువ. కరిగిన ఇనుములో చేరే ఆక్సిజన్‌ని పట్టుకుని పైకి తేల్చేవి ఇవే. మన దగ్గర పైపు శుభ్రంగా వచ్చేదెప్పుడు? సన్నటి తుప్పు, నల్ల పొర, యార్డులో పట్టిన దుమ్ము, అన్నీ ఉంటాయి. పైగా గ్యాస్ కూడా నూటికి నూరు సీఓటూ, అదీ కొంత ఆక్సిజన్ వదులుతుంది. అందుకని 6వ నంబరే మనకి నప్పుతుంది. బీడ్ (వెల్డు పడిన గీత) కూడా అంచులకి బాగా తడిసి పరుచుకుంటుంది. దీనికో చిన్న జరిమానా ఉంది: వెల్డు మీద అక్కడక్కడ గోధుమరంగు గాజు పెంకుల్లాంటివి తేలతాయి. అది లోపం కాదు, పైకి తేలిన సిలికాన్ మలినం. పెయింటు కొట్టే ముందు వాటిని గీకి తీసేయాలి. తీయకపోతే కొన్నాళ్ళకి పెంకుతో పాటు పెయింటూ ఊడుతుంది, మాట మనకొస్తుంది.

డబ్బా మీద ఏ5.18 లేదా మన ఐఎస్ 6419, వైరు సైజు, బ్యాచ్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఏ ప్రమాణం పేరూ లేకుండా "మిగ్ వైర్" అని మాత్రమే ఉన్న డబ్బా ఎంత చవకగా ఇచ్చినా నేను కొనను.

ఇంకో తేడా కూడా గమనించండి. గ్యాస్ లేకుండా పనిచేసే ఫ్లక్స్ కోర్ వైరు (లోపల ఫ్లక్స్ పొడి నింపినది) కూడా ఇలాంటి స్పూల్ మీదే వస్తుంది. చూడటానికి ఒకేలా ఉంటాయి, సెట్టింగ్ మాత్రం పూర్తిగా వేరు. కొత్తగా మిషన్ కొన్నవాళ్ళు దాన్ని సాలిడ్ అనుకుని తెచ్చుకోవడం చాలాసార్లు చూశాను.

సైజు: మిషన్ని బట్టి కాదు, పనిని బట్టి

"మా మిషన్ 250 ఆంపియర్లు, 1.2 వేసేస్తా" అనేవాళ్ళున్నారు. మిషన్ ఎంత ఇవ్వగలదనేది తర్వాతి మాట. మీ చేతికి రోజూ ఏ మందం వస్తోంది, అదీ ప్రశ్న.

గుర్తుపెట్టుకోవడానికి ఒక మోటు లెక్క: ఒక్కో మిల్లీమీటరు మందానికి 40 ఆంపియర్లు. 5, 6 ఎంఎం దాకా ఈ లెక్క పనికొస్తుంది, ఆ పైన పాస్‌లు (ఒకదాని మీద ఒకటి వేసే వెల్డు వరుసలు) పెంచాలి గానీ కరెంటు అలా పెంచుకుంటూ పోకూడదు. ఈ లెక్కన 16 గేజ్ పైపు, అంటే 1.6 ఎంఎం, 65 ఆంపియర్లు అడుగుతుంది. 3 ఎంఎం అయితే 120. 5 ఎంఎం యాంగ్లర్ 200.

ఇప్పుడు వైరు సంగతి. 0.8 వైరు 50 ఆంపియర్ల నుంచి 150, 160 దాకా హాయిగా నడుస్తుంది. 1.2 వైరు 120 లోపు నిలకడగా ఉండదు, ముద్దలు ముద్దలుగా పడుతుంది, 180 దాటాకే దాని అందం. మధ్యలో 1.0 ఉంది, 3 నుంచి 6 ఎంఎం పనికి చక్కగా ఉంటుంది గానీ అన్ని షాపుల్లో దొరకదు, దొరికినా దానికి సరిపడే రోలర్, టిప్పు విడిగా వెతుక్కోవాలి.

కాబట్టి గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు, 16, 14 గేజ్ పైపులతో రేకుల షెడ్లు చేసేవాళ్ళకి 0.8 ఒక్కటే చాలు. అప్పుడప్పుడు వచ్చే 5 ఎంఎం యాంగ్లర్‌ని కూడా దాంతోనే రెండు పాస్‌ల్లో చేసేయొచ్చు. ట్రాలీలు, లారీ బాడీ అడుగు భాగాలు, కాలమ్ బేస్ ప్లేట్లు రోజూ చేసే షెడ్డుకి 1.2 కావాలి. బెజవాడ ఆటోనగర్ లాంటి చోట రెండు ఫీడర్లు (వైరుని నడిపే పెట్టెలు) పెట్టుకుని రెండు సైజులూ నడిపేవాళ్ళు ఉండటానికి కారణం ఇదే.

0.8తో 10 ఎంఎం ప్లేటు వెల్డ్ చేస్తే ఏమవుతుంది? పైకి బ్రహ్మాండంగా కనిపిస్తుంది, అదే ప్రమాదం. ప్లేటు వేడినంతా లాగేసుకుంటుంది, వైరు కరిగి పైన కూర్చుంటుంది, లోపల ప్లేటుకి పట్టదు. లోడు పడ్డ రోజు తొక్క ఒలిచినట్టు లేచిపోతుంది.

ఖర్చు లెక్క కూడా చూద్దాం. 0.8 వైరు మీటరుకి దాదాపు 4 గ్రాములు, 1.2 వైరు దాదాపు 9 గ్రాములు. రెండింటినీ నిమిషానికి 5 మీటర్ల వేగంతో నడిపితే సన్నది గంటకి 1.2 కిలోలు పోస్తుంది, లావుది 2.6 కిలోలకి పైనే. కిలో ధర 0.8కే ఎక్కువ. మందపాటి పని సన్న వైరుతో చేస్తే వైరులోనూ టైములోనూ రెండు చోట్లా నష్టమే.

షాపులోనే చూసుకోవాల్సినవి

స్పూళ్ళు 5 కిలోలవీ 15 కిలోలవీ దొరుకుతాయి. చిన్న ఇన్వర్టర్ మిషన్లలో 5 కిలోలదే పడుతుంది, కొనే ముందు మూత తీసి కొలుచుకోండి. పని తక్కువైతే 15 కిలోలది చవక అని ఆశపడొద్దు. 0.8 వైరు 15 కిలోలంటే దాదాపు 3,800 మీటర్లు, వారానికి రెండు గేట్లు చేసేవాడికి అది అయ్యేలోపు తుప్పు పడుతుంది.

స్పూల్ చేతిలోకి తీసుకుని చుట్టలు ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా, వరుసగా ఉన్నాయో చూడండి. ఒక చుట్ట ఇంకో చుట్ట కిందికి దూరి ఉంటే పని మధ్యలో అక్కడ బిగుసుకుంటుంది. రాగి పూత మెరుపు ఒకేలా ఉండాలి, నల్లటి చారలు ఉండకూడదు. తెల్ల గుడ్డతో వైరుని రెండు వేళ్ళ మధ్య పట్టి అడుగు దూరం లాగండి. కొంచెం మసి మామూలే, రాగి పొట్టు రాలితే మాత్రం ఆ పొట్టంతా రేపు మీ లైనర్లో చేరుతుంది. పూత లేని వైర్లు కూడా మంచి కంపెనీలవి వస్తాయి, పూత లేనంత మాత్రాన నాసిరకం కాదు.

మైక్రోమీటర్ ఉంటే సైజు చూడండి. 0.8 అన్నది 0.78 ఉంటే ఫర్వాలేదు. 0.72 ఉంటే తిరిగిచ్చేయండి, అది రోలర్లో జారుతుంది, టిప్పులో కరెంటు అందదు.

నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఇంకోటుంది. స్పూల్ నుంచి ఒక పూర్తి చుట్టు వైరు తెంపి నున్నటి నేల మీద వదిలేయండి. అది తనంతట తాను ఒక వలయంలా పడుకుంటుంది. ఆ వలయం అడ్డకొలత కనీసం 300 ఎంఎం ఉండాలి, ఒక కొస నేల మీద నుంచి లేచినా 25 ఎంఎం మించి లేవకూడదు. ఏ5.18లో ఉన్న హద్దులే ఇవి. వలయం చిన్నదైతే వైరుకి వంపు ఎక్కువని అర్థం, టిప్పుని ఒక పక్కే అరగదీస్తుంది. కొస పాములా లేస్తే మెలి ఉందని. అలాంటి వైరు టిప్పులోంచి వస్తూ తిరుగుతుంది, మీరు ఒక చోట గురిపెడితే ఇంకో చోట పడుతుంది. చేయి వణుకుతోందేమో అని మనల్ని మనం అనుమానించుకుంటాం.

గ్యాస్

మన దగ్గర ఎక్కువమంది వాడేది నూటికి నూరు సీఓటూ. చవక, లోతుకి బాగా పడుతుంది, స్పాటర్ (చుట్టూ చిమ్మే కరిగిన చుక్కలు) ఎక్కువ. ఆర్గాన్ 80, సీఓటూ 20 కలిపిన మిక్స్ గ్యాస్‌తో బీడ్ నున్నగా వస్తుంది, గ్రైండింగ్ తగ్గుతుంది. కంటికి కనిపించే ఫర్నిచర్, డిజైన్ గేట్ల పనికి మిక్స్ గ్యాస్ డబ్బులు కూలీలో వెనక్కొస్తాయి. ట్రాలీ అడుగున చేసే వెల్డుకి సీఓటూ చాలు. ఉట్టి ఆర్గాన్ మాత్రం ఎంఎస్‌కి వద్దు, ఆర్క్ నిలకడగా ఉండదు, బీడ్ అంచులకి అంటదు.

సీఓటూ సిలిండర్ మీటరుని నమ్మొద్దు. లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది కాబట్టి ఆ ద్రవం ఉన్నంతసేపూ ముల్లు ఒకే చోట నిలబడుతుంది, 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్. ద్రవం అయిపోయాక గబగబా పడిపోతుంది, సాయంత్రం ఆరింటికి, కస్టమర్ ఎదురుగా నిలబడ్డప్పుడు. ఇక మన ఎండల్లో 31 డిగ్రీలు దాటితే సీఓటూ ద్రవంగా ఉండదు, ముల్లు ఇంకా పైకి ఎక్కి ఏ అంచనాకీ అందదు. మిగిలింది తెలియాలంటే తూకమే దారి. ఖాళీ బరువు సిలిండర్ మెడ దగ్గర గుద్ది ఉంటుంది. కిలో సీఓటూ విడిచిపెడితే సుమారు 540 లీటర్ల గ్యాస్ అవుతుంది. 30 కిలోల సిలిండర్ నిమిషానికి 12 లీటర్ల చొప్పున 22 గంటల ఆర్క్ ఇస్తుంది.

రెగ్యులేటర్‌కి హీటర్ ఉండాలి, దాని ప్లగ్గు పెట్టి ఉండాలి. ద్రవం గ్యాస్‌గా మారేటప్పుడు వేడి లాగేసుకుంటుంది. హీటర్ పనిచేయకపోతే మే నెలలో కూడా రెగ్యులేటర్ మీద మంచు పూస్తుంది, లోపల గడ్డకట్టి గ్యాస్ ఆగిపోతుంది, వెల్డులో పిన్‌హోల్స్ (సన్న రంధ్రాలు) మొదలవుతాయి.

గ్యాస్ ఎంత పోతోందో చూపే గాజు గొట్టంలోని గోళీ 0.8 వైరుకి నిమిషానికి 10 నుంచి 12 లీటర్ల దగ్గర, 1.2కి 15 నుంచి 18 దగ్గర ఆడాలి. ఎక్కువ పెడితే మంచిదనుకోవద్దు. మరీ వేగంగా వచ్చే గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది.

ఎక్కించడం

మెయిన్ స్విచ్ ఆపండి. ఇప్పుడు వైరు దారిని ఒక్కోటి చూసుకుంటూ వద్దాం.

1. లైనర్. నీలం లైనర్ 0.8 దాకా, ఎరుపు 1.0, 1.2కి, పసుపు 1.6కి. సైజు మారితే లైనర్ మారాల్సిందే, నా కథ పైన చదివారుగా. సైజు మారకపోయినా రెండు మూడు స్పూళ్ళకోసారి టార్చిని తిన్నగా పరిచి, టిప్పు తీసి, ఫీడర్ వైపు నుంచి గాలి కొట్టండి. కొత్త లైనర్ పెట్టినప్పుడు కొలిచి కోయండి. పొట్టిగా కోస్తే టిప్పు వెనక సందు మిగిలి వైరు అక్కడ వంగుతుంది. పొడవు ఎక్కువైతే లోపల పాములా మెలికలు తిరుగుతుంది. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా చేయండి.

2. రోలర్. సాలిడ్ స్టీలు వైరుకి వి ఆకారపు గాడి. యు గాడి అల్యూమినియంకి, పళ్ళు పళ్ళుగా ఉండే గాడి ఫ్లక్స్ కోర్ వైరుకి. ఒక్కో రోలర్‌కి రెండు గాళ్ళు ఉంటాయి, తిప్పి పెడితే సైజు మారుతుంది. పక్కన గుద్దిన నంబరు మీద మాత్రమే ఆధారపడొద్దు, కొన్ని మిషన్లలో మనకి కనిపించే నంబరు లోపలి గాడిది, కొన్నింటిలో బయటి గాడిది. వైరు ముక్క గాడిలో పెట్టి చూడండి: సగం మునిగి సగం బయటికి కనిపించాలి.

3. స్పూల్. కొస బయటికి తీసేటప్పుడు చేత్తో గట్టిగా పట్టుకునే ఉండండి. వదిలారా, స్ప్రింగులా విచ్చుకుని పది చుట్లు ఊడిపోతాయి, వాటిని మళ్ళీ పేర్చడం ఎవరి వల్లా కాదు. వైరు స్పూల్ కింది నుంచి రావాలా పై నుంచి రావాలా అన్నది మిషన్ మూత లోపల బొమ్మ వేసి ఉంటుంది. యాక్సిల్ మధ్యలోని నట్టు బ్రేకు. మోటారు ఆగగానే స్పూల్ ఆగాలి, పావు చుట్టు కూడా అదనంగా తిరగకూడదు. మరీ బిగిస్తే మోటారు ఏడుస్తుంది.

4. కొస. వంకర భాగం కత్తిరించి, నాలుగంగుళాలు తిన్నగా సరిచేసి, మొనని ఆకురాయితో రెండు రుద్దులు రుద్దండి. కటింగ్ ప్లయర్ వదిలిన పదునైన అంచు లైనర్ని గీరుకుంటూ పోతుంది. చాలామంది ఈ పది సెకన్ల పని మానేస్తారు.

5. నడిపించడం. నాజిల్ (టిప్పు చుట్టూ ఉండే, గ్యాస్ వదిలే గొట్టం), టిప్పు రెండూ తీసేయండి. టార్చి కేబుల్‌ని నేల మీద తిన్నగా పరచండి. వైరుని రోలర్ దాటించి లైనర్లోకి చేత్తో ఒక అడుగు తోసి, రోలర్ మూసి, స్విచ్ వేసి, మిషన్‌లో వైరు ఇంచింగ్ బటన్ ఉంటే అదే నొక్కండి. లేకపోతే టార్చి ట్రిగ్గర్. మొన మొహం వైపు, చేతి వైపు ఉండకూడదు, ఎర్త్ క్లాంపు దగ్గర్లో ఉండకూడదు. వైరు బయటికొచ్చాక టిప్పు దూర్చి బిగించండి. 0.8కి 0.8 టిప్పే. దొరకలేదని 1.0 టిప్పు పెడితే వైరు లోపల అటూ ఇటూ ఊగుతూ కరెంటు తెగి తెగి అందుతుంది. వేడెక్కిన టిప్పు కాస్త వదులవుతుంది కాబట్టి చేత్తో కాదు, స్పానర్‌తో బిగించండి. మనం చేసే మామూలు షార్ట్ ఆర్క్ పనికి టిప్పు నాజిల్ అంచుతో సమంగా ఉండాలి, లేదా ఒకటి రెండు ఎంఎం బయటికి.

6. రోలర్ ఒత్తిడి. దీన్ని అంచనాగా బిగించడమే పెద్ద తప్పు. ఒక చెక్క ముక్క తీసుకుని, టార్చిని దానికి రెండంగుళాల దూరంలో పెట్టి వైరు వదలండి. వైరు చెక్కకి తగిలి వంగి ఉంగరంలా చుట్టుకోవాలి. చుట్టుకోకుండా రోలర్ దగ్గరే జారితే వదులు. ఇప్పుడు టార్చిని అరంగుళం దగ్గరికి తెండి. ఈసారి వైరుకి వంగే చోటు లేదు, రోలర్ జారిపోవాలి. జారకుండా తోస్తూనే ఉంటే బిగుతు ఎక్కువ. ఇలాంటి బిగుతుతో పని మధ్యలో టిప్పుకి వైరు అంటుకుందా, మోటారు తోస్తూనే ఉంటుంది, ఫీడర్లో పిచ్చుక గూడు కట్టినట్టు గుబురుగా చుట్టుకుపోతుంది. పైగా అతి బిగుతు వైరుని నలిపి రాగి పొడి తీస్తుంది.

7. పొలారిటీ. సాలిడ్ వైరుకి టార్చి ప్లస్, ఎర్త్ మైనస్. గ్యాస్ లేని ఫ్లక్స్ కోర్ వైరుకి దీనికి తిరగేసి. మల్టీ మిషన్లలో ముందు వైపో మూత లోపలో చిన్న జంపర్ కేబుల్ ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు ఎప్పుడో మార్చి ఉంటారు. తప్పుగా ఉంటే ఆర్క్ ఊగిసలాడుతుంది, మెటల్ ఉండలు ఉండలుగా పైపైన కూర్చుంటుంది.

8. ఎర్త్. పెయింటు, తుప్పు గీకిన చోట, వెల్డ్ చేసే జాయింటుకి వీలైనంత దగ్గరగా. కింద బల్లకి పెట్టేసి పైన జాబు (వెల్డ్ చేసే వస్తువు) ఆనించి చేస్తే అది నిప్పురవ్వల ఎర్తే.

నాబులు

ఇక్కడ రెండే ముఖ్యం. వైరు వేగం కరెంటుని నిర్ణయిస్తుంది, ఓల్టేజీ ఆర్క్ పొడవుని నిర్ణయిస్తుంది. ఓల్టేజీకి నేను మొదలుపెట్టే లెక్క ఇది: ఆంపియర్లని 20తో భాగించి 14 కలపండి. 100 ఆంపియర్లకి 19 ఓల్టులు, 200కి 24. సీఓటూకి ఇది దగ్గరగా సరిపోతుంది, మిక్స్ గ్యాస్ అయితే ఒకటి రెండు ఓల్టులు తగ్గించండి.

వైరు వేగానికి 0.8 అయితే 100 ఆంపియర్లకి నిమిషానికి 5 మీటర్లు. 1.2 అయితే అదే 5 మీటర్లు 200 ఆంపియర్లు ఇస్తుంది. నాబు మీద 1 నుంచి 10 అంకెలే ఉండి మీటర్లు లేకపోతే కంగారు లేదు. రోలర్ నడిపి 6 సెకన్లు వైరు వదిలి, కత్తిరించి, కొలవండి. 50 సెంటీమీటర్లు వస్తే నిమిషానికి 5 మీటర్లు. ఒక ఆదివారం కూర్చుని ఒక్కో అంకెకి ఎంత వస్తోందో కొలిచి మూత లోపల స్కెచ్ పెన్‌తో రాసి పెట్టుకోండి. మా మిషన్ మూత మీద ఆ రాత ఇప్పటికీ ఉంది.

సీఓటూతో మొదలుపెట్టడానికి నా అంకెలు ఇవి, చివరి సవరణ మీ తుక్కు ముక్క మీద చేసుకోవాలి:

18 గేజ్, 1.2 ఎంఎం: 0.8 వైరు, 50 ఆంపియర్లు, 16.5 ఓల్టులు, వేగం 2.5 మీటర్లు.
16 గేజ్, 1.6 ఎంఎం: 0.8 వైరు, 65 నుంచి 70 ఆంపియర్లు, 17.5 ఓల్టులు, 3.5 మీటర్లు.
3 ఎంఎం: 0.8 వైరు, 110 నుంచి 120 ఆంపియర్లు, 19.5 నుంచి 20 ఓల్టులు, 5.5 నుంచి 6 మీటర్లు.
5, 6 ఎంఎం: 1.2 వైరు, 180 నుంచి 200 ఆంపియర్లు, 23 నుంచి 24 ఓల్టులు, 4.5 నుంచి 5 మీటర్లు.

ఇండక్టెన్స్ నాబు ఉంటే మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. పెంచితే ఆర్క్ మెత్తబడి స్పాటర్ తగ్గుతుంది. సినర్జిక్ మిషన్ అయితే మందం, వైరు సైజు చెబితే అదే లెక్క వేసుకుంటుంది, కానీ వైరు సైజు తప్పుగా చెబితే అంతా తప్పే.

మిషన్ మీద డ్యూటీ సైకిల్ అని రాసి ఉంటుంది. 200 ఆంపియర్ల దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డింగ్, నాలుగు నిమిషాలు విశ్రాంతి. ఆ పరీక్ష చేసేది 40 డిగ్రీల వేడిలో. మే నెలలో మన రేకుల షెడ్డు లోపల ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. మధ్యాహ్నం మిషన్ కట్ అయితే పాడైందని టెన్షన్ పడొద్దు, ఫ్యాను తిరగనిచ్చి ఆగండి, స్విచ్ ఆపకండి. ఊళ్ళలో సాయంత్రం ఓల్టేజీ పడిపోతుంది, దానికి తోడు సన్నటి వైరుతో యాభై మీటర్ల ఎక్స్‌టెన్షన్ లాగితే పొద్దున కుదిరిన సెట్టింగ్ సాయంత్రం కుదరదు. నాబుల మీద పడే ముందు మిషన్ దగ్గర ఇన్‌పుట్ ఓల్టేజీ చూడండి.

చెవితో సరిచేయడం

జాబు మందంతోనే ఉన్న తుక్కు ముక్క తీసుకోండి. వైరు టిప్పు నుంచి 10 ఎంఎం బయటికి, 1.2 అయితే 15. టార్చిని 10, 15 డిగ్రీలు వంచి వెల్డు వెళ్ళే దిక్కుకి తోస్తూ పోండి. రాడ్డు లాగే అలవాటు ఉన్నవాళ్ళకి ఇది మొదట్లో ఎదురుగా అనిపిస్తుంది.

ఈ షార్ట్ ఆర్క్ పద్ధతిలో వైరు జాబుని తాకి, కరిగి, తెగి, మళ్ళీ తాకుతుంది, సెకనుకి పదుల సార్లు, ఒక్కోసారి వంద దాటి. అన్నీ సమానంగా పడుతుంటే కాగే నూనెలో పకోడీ వేగే చప్పుడు వస్తుంది, ఎడతెగకుండా. ఆ చప్పుడు విరిగిందంటే ఏదో తేడా ఉంది.

టకటకమని వైరు జాబుని పొడుస్తూ టార్చి చేతిలో వెనక్కి తన్నుతుంటే, బీడ్ తాడు పడేసినట్టు ఉబ్బుగా వస్తుంటే, ఓల్టేజీ చాలట్లేదు లేదా వైరు వేగం ఎక్కువైంది. చప్పుడు బుసలా మారి, పెద్ద పెద్ద ఉండలు ఎగిరి, బీడ్ చదునై అంచులు కోసుకుపోతూ, వైరు టిప్పు దాకా కాలుతుంటే ఓల్టేజీ ఎక్కువ. ముందు వైరు వేగాన్ని మందానికి తగ్గట్టు పెట్టి వదిలేయండి. తర్వాత ఓల్టేజీని అర ఓల్టు చొప్పున మార్చండి. రెండూ ఒకేసారి తిప్పితే ఏది ఏం చేసిందో తెలియదు.

చప్పుడు కాసేపు బాగుండి కాసేపు తెగుతుంటే నాబుల జోలికి పోకండి. అది వైరు దారి. టిప్పు తీసి వెలుతురుకి పట్టి చూడండి, రంధ్రం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా సాగి ఉంటే మార్చేయండి. టార్చి కేబుల్ ఎక్కడైనా చుట్ట చుట్టుకుని ఉందా చూడండి. తర్వాత లైనర్.

పిన్‌హోల్స్ వస్తే నేను మొదట చూసేది పెడస్టల్ ఫ్యాను ఎటు తిరిగి ఉందో. ఎండాకాలంలో కుర్రాళ్ళు దాన్ని తమ వైపు తిప్పుకుంటారు, తప్పు పట్టలేం గానీ గ్యాస్ అంతా ఊదుకుపోతుంది. తర్వాత నాజిల్ లోపల పేరుకున్న స్పాటర్, హీటర్, గోళీ, పైపు జాయింట్ల మీద సబ్బు నీళ్ళు. ఇవన్నీ బాగుంటే జాబు మీద నూనె, ప్రైమర్.

జీఐ పైపు అయితే వెల్డ్ చేసే చోట జింకు పూత గ్రైండ్ చేసి, తలుపులు తీసి, మాస్కుతో చేయండి. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం పట్టుకుంటుంది. బెల్లం ముక్క తింటే పోతుందని షెడ్లలో అంటారు. పోదు. బ్రేక్ క్లీనర్ స్ప్రేతో తుడిచిన జాబుని కూడా వెల్డ్ చేయొద్దు. అందులో క్లోరిన్ రకం ద్రావకం ఉంటే ఆర్క్ వెలుగుకి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

సెట్టింగ్ కుదిరిందనిపించాక ఒక పని చేయండి. రెండు ముక్కల్ని టి ఆకారంలో నిలబెట్టి ఒక్క పక్కే వెల్డ్ చేసి, చల్లారాక వైసులో పట్టి సుత్తితో వెల్డు మీదికి మడవండి. ప్లేటు వంగాలి, లేదా వెల్డు మధ్యలో చిరగాలి. వెల్డు ప్లేటు మీద నుంచి శుభ్రంగా ఊడి, కింద ప్లేటు గ్రైండింగ్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయంటే అది అతుక్కుందంతే, కరిగి కలవలేదు. కరెంటు పెంచి మళ్ళీ చేయండి.

పని అయ్యాక

రాత్రి స్పూల్‌ని మిషన్లోనే వదిలేయడం అందరం చేస్తాం. హైదరాబాద్ ఎండల్లో నడిచిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల, వానాకాలంలో ఎక్కడైనా, వారంలో పై వరుస మీద ఎర్ర చుక్కలు మొదలవుతాయి. నాలుగైదు రోజులు పని లేదనుకుంటే వైరు వెనక్కి లాగి, కొసని స్పూల్ అంచు రంధ్రంలో దూర్చి వంచి, పాలిథిన్ కవరులో సిలికా జెల్ పొట్లం వేసి మూతి కట్టి లోపల పెట్టండి. తుప్పు చుక్కలు పడిన వైరుని ఇసుక కాగితంతో రుద్ది వాడదామనుకోవద్దు, ఆ పొడి కూడా లైనర్లోకే వెళ్తుంది. చుక్కలు పై వరుసలోనే ఉంటే శుభ్రమైన రాగి కనిపించేదాకా ఒలిచి పారేయండి. కింది వరుసల్లోకి కూడా దిగి ఉంటే ఆ స్పూల్ తుక్కులోకే.